ఫిర్యాదులో చిల్లు

ఫణీంద్రకి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

పెరోవ్‌స్కైట్ స్ఫటికంలో పరమాణువులు వరసలు కట్టి ఊరికే కూర్చోవు, ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. బాగా చల్లబరుస్తూ పోతే ఒకచోట వాటిలోని బుల్లి అయస్కాంతాలన్నీ క్రమంలోకి వస్తాయి. అప్పుడు ఆ వణుకు తీరూ మారుతుంది. లేజరు వేసి ఆ మార్పుని పట్టుకోవడమే ఫణీంద్ర పరిశోధన.

అది సున్నాకి నూట అరవై డిగ్రీల దిగువన రావాలి. అందరికీ అక్కడే వచ్చింది. ఇతనికి మాత్రం ఇంకో పద్దెనిమిది డిగ్రీలు దిగితే గాని రావడం లేదు. పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపారు, స్ఫటికం కల్తీదేమో చూసుకోమని.

కల్తీ! ఫణీంద్ర సరాసరి కొలిమి గదిలోకి దూసుకెళ్లాడు. స్ఫటికాలు పెంచేది గౌస్. కొలిమిని గంటకో డిగ్రీ చొప్పున చల్లార్చుకుంటూ ఒక్కోదానికి నలభై రోజులు కాపలా కాస్తాడు.

"ఏం కలిపారు భాయ్ ఇందులో? నా బతుకు బుగ్గి చేశారు!"

"నేనేం కలపలె బేటా. నువ్వు కొలిచేది గూడ ఒకసారి చూస్కో."

అన్నీ చేసి, పైగా తననే అంటాడా! ఆ ఊపులోనే ఫణీంద్ర విభాగాధిపతికి ఫిర్యాదు టైపు చేశాడు. నెలాఖరుకి ముగిసే గౌస్ కాంట్రాక్టు పొడిగించవద్దని. గౌస్ పేరు మాత్రం లావు అక్షరాల్లో కొట్టాడు. ఇక గైడు హైమవతి సంతకమే తరువాయి.

ఆవిడ చదివారు. సంతకం పెట్టలేదు, కోప్పడనూ లేదు. కాగితం పట్టుకుని లేజరు గదికి నడిచారు.

"కొలిచేటప్పుడు లేజరు ఎంతలో పెడతావు?"

"ఫుల్లో, మేడమ్. మెషీను మనకిచ్చేది వారానికి రెండు గంటలే కదా. తగ్గిస్తే ఒక్కో రీడింగుకే గంట పడుతుంది."

"చలి ఎంతుందో దేన్ని చూసి రాస్తావు?"

"స్ఫటికం కింద రాగి దిమ్మకి థర్మామీటరు బిగించి ఉంది, మేడమ్."

ఆవిడ ఫిర్యాదుని లేజరు దిగే మైక్రోస్కోపు కింద, స్ఫటికం పెట్టే చోట పరిచి, గౌస్ పేరు దగ్గరికి జరిపారు.

"రోజూ పెట్టినంతే పెట్టు."

ఫణీంద్ర మీట నొక్కాడు. ఆకుపచ్చ చుక్క నల్లటి అక్షరం మీద పడింది. సన్నగా పొగ లేచింది. కాగితం కాలిన వాసన. ఆవిడ మాత్రం తాపీగా మర తిప్పుతూ, పేరు పొడుగునా కాగితాన్ని జరుపుకుంటూ పోయారు.

"గదిలో ఎంతుంది?"

అతను గోడ మీది థర్మామీటరు చూశాడు. "ఇరవై రెండు, మేడమ్."

"ఈ చుక్క పడ్డచోట?"

ఫణీంద్ర కాలిన అక్షరాల మీదికి వంగి చూశాడు. స్ఫటికమూ నల్లగానే ఉంటుంది. ఇన్నాళ్లూ తను రాసుకున్నది కింది దిమ్మ చలి, లేజరుకి వేడెక్కిన ఆ చుక్క చోటుది కాదు. కొలిమి గదిలో తను అరిచిన అరుపు గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడ్డాయి.

హైమవతి లేజరు ఆపి, కాగితం తీసి అతని చేతిలో పెట్టారు. పేరు ఉన్నచోట సన్నటి చీలిక మిగిలింది, దాని అంచులు గోధుమరంగుకి తిరిగాయి.

"ఇక్కడ ఎవరి పేరు ఉండాలో రాసి తీసుకురా," అన్నారావిడ. "సంతకం పెడతాను."