విరూపరాజు తాలు, మైలసాని చేట

ఉదయసేన మహారాజుకు ఒక్కొక్క ఋతువులో ఒక్కొక్క సరదా. ఆ వేసవిలో ఆయన మనసు గడియార యంత్రాల మీదికి మళ్లింది. కుండలోంచి నీరు బొట్టుబొట్టుగా జారుతూ ఉంటే, ఘడియ నిండేసరికి కంచు నెమలి ముక్కుతో గంట కొట్టాలి. అటువంటి యంత్రాలు దేశదేశాలకూ అమ్ముడుపోవాలని ఆయన కోరిక. కోరిక రాజుది, పెట్టుబడి వర్తకులది. ఇటువంటి ఏర్పాట్లు లోకంలో కొత్త కాదు.

వర్తకుల చేత యంత్రశాలలో వాటాలు కొనిపించే పని ఆస్థాన విదూషకుడు పేరనకు పడింది. అతను అంగడి అంగడికీ తిరిగి, “నా మాట నమ్మండి” అన్నాడు. నమ్మారు. నవ్వించేవాడి మాటను జనం నమ్మడం పేరనకు అదే మొదటిసారి. అందుకే అది అతనికి బరువుగా ఉండేది.

యంత్రశాలకు అధ్యక్షుడు విరూపరాజు. ఆయన శాలకు పల్లకిలో వస్తాడు, వాకిట్లో పల్లకిలోంచే మాట్లాడతాడు, పల్లకిలోనే వెళతాడు. ఏడాది తిరగకుండానే పనివాళ్లు వెళ్లిపోవడం మొదలైంది. మొదట కంచు పోతపోసే శరభన్న, తరువాత అతని తమ్ముళ్లు, ఆ తరువాత మరెందరో. వెళ్లినవాళ్లందరూ పొరుగున ఉన్న నందిపురం చేరారు.

వర్తకులు కొలువుకు వచ్చారు. వాళ్లకు పెద్దదిక్కు, మిరియాల వర్తకురాలు మైలసాని.

“ప్రభూ, శాలలో పొయ్యిలు చల్లారుతున్నాయి. అధ్యక్షులవారేమో అంతా బాగుందంటున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?” అంది.

విరూపరాజు చిరునవ్వు నవ్వాడు. “అమ్మా, తూర్పార పడితే తాలు ఎగిరిపోతుంది, గింజ నిలుస్తుంది. పోయినవాళ్లంతా తాలు.”

“అలాగా నాయనా! మీరు చెరుగుతూనే ఉన్నారు, చేటలో మాత్రం ఏమీ కనబడటం లేదే?”

కొలువులో ఎవరో దగ్గారు. రాజుకు కోపం వచ్చింది. తాను నియమించినవాణ్ణి అంటే తనను అన్నట్టే. ఆయన పేరన వైపు తిరిగాడు.

“వీళ్లను తెచ్చింది నువ్వు. రేపటి కొలువులో విరూపరాజు మాట నిజమని నువ్వే వీళ్లకు చెప్పు. కాదంటావా, అబద్ధమని నాకు చూపించు. రెండూ చేతకాకపోతే ఈ కొలువులో నీకు చోటు లేదు.”

బయటికి వచ్చాక మైలసాని పేరన భుజం తట్టింది. “నీ కొలువు పోతే పోయింది. నా అంగట్లో మిరియాలు ఎండబోద్దువుగాని. మా నమ్మకం పోతే మాత్రం ఎక్కడ ఎండబోస్తావురా?”

పేరనకు నవ్వు రాలేదు. నేరుగా యంత్రశాలకు నడిచాడు. అక్కడ మిగిలిన నలుగురితో సాయంత్రం దాకా కూర్చుని, వాళ్ల పని చూశాడు.

మరునాడు అతను ఒక నెమలి యంత్రాన్ని మోయించుకొచ్చి సభ మధ్య పెట్టించాడు. పై కుండ నిండా నీళ్లు పోయించాడు. అందరూ చూస్తూ కూర్చున్నారు. బొట్టు జారలేదు. నెమలి కదలలేదు.

“అధ్యక్షా, ఇది మన శాలలోదే,” అన్నాడు పేరన వినయంగా. “నడవడం లేదు. తమ చేయి పడకుండా ఏ యంత్రమూ శాల దాటదని విన్నాను.”

“దాటదు. ప్రతిదీ నేను స్వయంగా పరీక్షిస్తాను.”

“మరి ఇదేమిటి?”

విరూపరాజు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. నెమలి తల మీద వేలితో కొట్టి చూశాడు.

“ఇంకేమిటి? ఇది ఆ శరభన్న పని. వాడు పోతపోసినవన్నీ ఇంతే. నా కన్నుగప్పి చేసి ఉంటాడు. ప్రభూ, వాళ్లను తాలని ఎందుకన్నానో ఇప్పుడు తమరే చూస్తున్నారు!”

రాజు తృప్తిగా తల ఊపాడు. మైలసాని కళ్లు దించుకుంది.

పేరన ఒంగి, కుండ అడుగున వేలు పెట్టి, గోటితో ఏదో గీకాడు. చిన్న మైనపు ముద్ద ఊడి అతని అరచేతిలో పడింది. బొట్టు జారింది. వెనుక ఇంకొకటి. సభ చూస్తుండగా, ఘడియ నిండింది. నెమలి మెడ వంచి, ముక్కుతో గంట కొట్టి, పురి విప్పింది.

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. “ఆహా! ఏమి పనితనం! ఇది ఆ శరభన్నదేనా?”

“నా శిష్యుడిదే ప్రభూ!” విరూపరాజు ముందుకు వచ్చాడు. “శరభన్నకు ప్రతి మెలకువా నేనే దగ్గరుండి నేర్పాను!”

పేరన చేతులు కట్టుకున్నాడు.

“ప్రభూ, గంట మోగకముందు శరభన్న తాలు, మోగాక శిష్యుడు. ఈ ఘడియలో అతను నందిపురంలోనే ఉన్నాడు, కదిలింది అధ్యక్షులవారి మాట ఒక్కటే.”

రాజు మెల్లగా కూర్చున్నాడు. “ఆ మైనం ఎవరు పెట్టారు?”

“శాలవాళ్లే ప్రభూ. మోసుకెళ్లేటప్పుడు చెత్త పడి సన్న రంధ్రం పూడిపోకుండా ప్రతి యంత్రానికీ పెడతారు. పరీక్షించేవాడు మొట్టమొదట దాన్నే తీస్తాడు. శాల గడప దాటి లోపలికి వెళ్లిన వాళ్లందరికీ ఇది తెలుసు. నాకూ నిన్ననే తెలిసింది.”

మొదట నవ్వింది మైలసాని. తరువాత సభ. చివరికి రాజు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వి, తన ముంజేతి కంకణం తీసి పేరన చేతికి తొడిగాడు.

“శరభన్నను, తక్కినవాళ్లను సగౌరవంగా తీసుకురండి. వాళ్ల కోసం విరూపరాజు పల్లకినే పంపండి.”

“నా వాటా నేను కదల్చను ప్రభూ,” అంది మైలసాని.

విరూపరాజు రాజు వైపు తిరిగాడు. “మరి నేను, ప్రభూ?”

పేరన ఎంతో గౌరవంగా బదులిచ్చాడు.

“తమరు పల్లకి ముందు నడుస్తూ దారి చూపించాలి. శిష్యులు వెళ్లిన దారి గురువుగారికి తెలియకపోతుందా?”