మణిగుప్తుడు కడతానన్న రేవు

అనగనగా కుంభపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి సముద్రం లేదు. సముద్రం దాకా పోయే నది మాత్రం ఒకటి ఉంది. దాని పేరు చిత్రవేణి.

కుంభపురంలో చెరుకు బాగా పండేది. బెల్లం బంగారంలా ఉండేది. మట్టి కూడా మంచిదే, కుండ మీద వేలితో కొడితే గంటలా మోగేది. కానీ ఏం లాభం? పొరుగు దేశంలో అమ్మాలంటే బండ్ల మీద కొండదారి దాటాలి. సగం కుండలు దారిలోనే పగిలేవి. వాన వస్తే బెల్లం బండిలోనే కరిగి కారిపోయేది.

"నది ఒడ్డున ఒక మంచి రేవు ఉంటే నా ప్రజలు బాగుపడతారు" అని రాజు జయభద్రుడు రోజూ అనుకునేవాడు.

రేవు అంటే తెలుసు కదా పిల్లలూ? పడవ ఒడ్డుకి చేరి, సరుకు దించి, మళ్ళీ సరుకు ఎక్కించుకునే చోటు. దానికి ఒడ్డు ఉంటే చాలదు, నీటికి లోతు కూడా ఉండాలి.

ఒకనాడు మణిగుప్తుడనే వర్తకుడు కొలువుకి వచ్చాడు.

"ప్రభూ! మడుగుపాలెం దగ్గర నది వంపు తిరిగే చోట నేను రేవు కట్టిస్తాను. ఖజానా నుంచి చిల్లిగవ్వ వద్దు. ఆ వంపులో ఉన్న లంకని మాత్రం నా పేర రాసివ్వండి, చాలు" అన్నాడు.

నది మధ్యలో ఒండ్రుమట్టి మేట వేసి ఏర్పడిన నేలని లంక అంటారు. ఆ లంక మీద దోస, వంగ, మినుము పండించుకుని నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. లంక పోతే వాళ్ళకి వేరే నేల లేదు.

మడుగుపాలెంలో నూకాలు అని ఒక అవ్వ ఉండేది. యాభై ఏళ్ళుగా జనాన్ని పడవ మీద ఏరు దాటించేది. ఆ ఒడ్డునీ, ఆ నీటినీ తన ఇంటి వాకిలిలా ఎరుగును.

"ఏమీ వద్దనే మనిషి, లంక ఎందుకు అడుగుతున్నాడు?" అనుకుంది అవ్వ. ఆ అనుమానం ఆమె మనసులో ముల్లులా దిగింది.

రాజు చోటు చూడటానికి వచ్చాడు. మణిగుప్తుడి మనిషి ఒకడు పొడుగాటి గడని నీళ్ళలో గుచ్చి పైకి తీశాడు. గడ రెండు నిలువుల మేర, అంటే ఇద్దరు మనుషుల ఎత్తున, తడిసి ఉంది.

"చూశారా ప్రభూ, ఎంత లోతో!" అన్నాడు మణిగుప్తుడు.

"గడని ఏటవాలుగా దించాడు ప్రభూ, నిటారుగా దించలేదు" అంది నూకాలు.

అవ్వ చెప్పింది అర్థమైందా? గోడకి నిచ్చెన వాల్చి చూడండి. నిచ్చెన పొడుగు వేరు, గోడ ఎత్తు వేరు. గడ కూడా అంతే.

మణిగుప్తుడు నవ్వాడు. "రేవు వస్తే పెద్ద పడవలు వస్తాయి. ఈమె డొక్కు పడవ ఎవరెక్కుతారు? అదీ ఈమె బాధ!" అన్నాడు. రాజు ఆ మాటే నమ్మాడు.

రెండోసారి మణిగుప్తుడు ఇసుకలోంచి ఒక పాత రాతిస్తంభం తవ్వించాడు. దాని నిండా తాడు ఒరిపిడికి పడ్డ గాట్లు.

"పూర్వం ఇక్కడ ఓడల్ని మోకులతో కట్టేసేవారు ప్రభూ. ఇది ఆనాటి కట్టుగుంజ."

నూకాలు వంగి రాతిని తడిమింది. "పడవ మోకు నా చెయ్యంత లావు. అది ఒరిస్తే రాయి వెడల్పుగా నున్నబడుతుంది. ఇవి వేలెడు సన్నం గాట్లు. చేదతాడు పడి పడి ఇలా కోసుకుపోతుంది. ఇది ఎక్కడిదో నూతి గట్టు మీది ఒరరాయి ప్రభూ!"

ఈసారి ఊరివాళ్ళే విసుక్కున్నారు.

"ఊరుకో అవ్వా!" అన్నాడు కుమ్మరి అప్పన్న. "నా కుండలు కొండదారిలో పగులుతుంటే నీకేం తెలుసు? నీకు అన్నిటిలోనూ అనుమానమే. రేపు సూర్యుడు పొడిస్తే, ఎందుకు పొడిచాడూ అంటావు!"

అందరూ గొల్లున నవ్వారు. ఆనాటి నుంచి ఒకరినొకరు నమ్మడం మానేశారు. అవ్వ ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుందని కొందరు, వర్తకుడే అప్పన్నకి ఏదో ఆశ పెట్టాడని కొందరు గుసగుసలాడారు. అవ్వ పడవ ఎక్కేవాళ్ళు కూడా ముఖం తిప్పుకుని కూర్చునేవారు.

మూడోసారి మణిగుప్తుడు ఏకంగా మూడు పెద్ద పడవలే రప్పించాడు. తెరచాప కొయ్య ఎత్తుకి మూటలు పేర్చి ఉన్నాయి. డప్పులు మోగాయి. లంక రాసిచ్చే తామ్రశాసనం సిద్ధంగా ఉంది. రాజు ముద్రికని చేతిలోకి తీసుకున్నాడు.

నూకాలు ఈసారి వాదించలేదు. చేతులు జోడించింది.

"ప్రభూ, మా పడవవాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త రేవు నుంచి మొదటి పడవ ఆ ఊరి సరుకుతో నిండి బయల్దేరాలి. మా బెల్లం, అప్పన్న కుండలు ఎక్కించనివ్వండి. తర్వాత ముద్ర వేయండి."

"దానికేం, మంచిదేగా!" అన్నాడు రాజు.

మణిగుప్తుడి ముఖం పాలిపోయింది. "ముహూర్తం దాటిపోతోంది ప్రభూ! ముందు ముద్ర, తర్వాత సరుకు..."

అప్పుడు మొదటిసారిగా రాజుకి అనుమానం వచ్చింది. "బెల్లం ఎక్కించడానికి ముహూర్తం ఏం అడ్డు? మూటలు దించండి!" అన్నాడు.

భటులు దించారు. ఒక్కో భటుడు భుజాన నాలుగేసి మూటలు అవలీలగా మోస్తున్నాడు. ఒక మూట జారి పిగిలింది. లోపల ధాన్యం లేదు, వట్టి ఊక!

ఊక తేలిక. అందుకే ఆ పడవలు పైపైనే తేలుతూ రాగలిగాయి.

ఇక బెల్లం ఎక్కించారు. కుండలు ఎక్కించారు. సగం నిండేసరికి పడవ అడుగు బరబరమని ఇసుకని రాసింది. ఇంకో పది దిమ్మలు వేసేసరికి పొదిగే కోడిలా కదలకుండా కూర్చుంది. ఇరవై మంది నెట్టినా కదిలితే ఒట్టు.

"ఇక్కడ రేవు రాదని నీకు ముందే తెలుసు" అన్నాడు రాజు మణిగుప్తుడితో. "రేవు పేరు చెప్పి బంగారం పండే లంక కాజేద్దామనుకున్నావు!"

మణిగుప్తుడిని భటులు పట్టుకున్నారు. ఆ పూటే రాజ్యం పొలిమేర దాటించారు. వదిలిపోయిన ఊకంతా అప్పన్న కుండలు కాల్చే ఆవంలోకి పనికొచ్చింది.

రాజు నూకాలు వైపు తిరిగాడు. "అవ్వా, నీ మాట రెండుసార్లు పెడచెవిన పెట్టాను."

"తప్పు నాదీ ఉంది ప్రభూ. రెండుసార్లూ నోటితో అన్నాను, మీ కళ్ళకి చూపించలేదు. అందుకే ఊళ్ళో అనుమానాలు పెరిగాయి, నిజం మాత్రం తేలలేదు."

"అయితే రేవు వద్దంటావా?"

"అయ్యో, వద్దని ఎప్పుడన్నాను? కావాలి! కానీ వేసవి దాకా ఆగండి. నీళ్ళు బాగా తగ్గాక గడ నిటారుగా దించి చూద్దాం. అప్పుడు కూడా లోతున్న చోటే రేవు."

వేసవి వచ్చింది. అవ్వ, అప్పన్న ఒకే పడవలో కూర్చుని ఒడ్డు వెంబడి కొలుచుకుంటూ పోయారు. ఊరికి కోసెడు దూరాన, ఏటి దిగువన, నల్లరాళ్ళ గట్టు కింద, నడివేసవిలో కూడా రెండు నిలువుల లోతు దొరికింది. రాజు అక్కడే రేవు కట్టించాడు. లంక లంకవాళ్ళకే ఉండిపోయింది.

రేవు తెరిచిన రోజున అప్పన్న కుండలతో మొదటి పడవ నిండుగా బయల్దేరింది. ఒక్క కుండ కూడా పగలకుండా సముద్రం చేరింది.

నీతి: అనుమానం వస్తే గుసగుసలాడకుండా, నలుగురి ముందూ పరీక్షించి చూడాలి, నిజమైన మేలు చేసేవాడు పరీక్షకి భయపడడు.