దాలమ్మ మూట

అనగా అనగా. అనకపోతే మరిచిపోతారు కనుక అనగా. కొండ కింద ఒక ఊరు, ఊరి చివర ఒక నీళ్ల గుంట, గుంట మీదికి వంగిన ఒక కానుగ చెట్టు. ఆ చెట్టు కింద దాలమ్మ.

దాలమ్మకు భూమి లేదు, మొగుడు లేడు. నారుమడి మీద పిట్టలు వాలకుండా కేకలెయ్యడమే ఆమె పని. కేకకీ కేకకీ మధ్య కానుగ కొమ్మల్లో చెట్టుకప్పల్ని చూసేది. ఎండపొద్దు అవి కాళ్లు ముడుచుకుని, ఎండుపుల్ల రంగుకి తిరిగి, ఆకు అడుగున అంటుకుని పడుకుంటాయి. చినుకు వాసన తగిలితే కర్ర మీద కర్ర కొట్టినట్టు టకటకమంటాయి. తెల్లారేసరికి గుంట మీది కొమ్మకి ఒక నురగ ముద్ద వేలాడుతుంది. తల్లికప్ప వెనక కాళ్లతో చిలికి చిలికి, అందులో గుడ్లు దాచి పోతుంది.

ఊళ్లోవాళ్లకి అది దెయ్యం ఉమ్మి. కనబడితే బూడిద చల్లి, కర్రతో రాల్చేసేవారు.

“ఉమ్మి కాదర్రా, ఉయ్యాల,” అనేది దాలమ్మ. ఎవరు వింటారు?

ఆ ఏడు వాన ఇలా వచ్చి అలా పోయింది. ఒకసారి వడ్లు చల్లారు, మాడిపోయాయి. రెండోసారి చల్లారు, మాడిపోయాయి. మూడోసారికి ఊరంతటికీ ఒక్క గంప మిగిలింది. మబ్బు చూసి పెద్దరైతు దాన్నీ నానబెట్టించాడు. ఆ పెద్దరైతు పేరు ఈ కథలో లేదు. ఉండదు. గింజలు నానాయి, మొలక ముక్కు పొడిచింది. మబ్బు కొండ దాటిపోయింది.

చల్లితే మాడతాయి. ఆరబెడితే చస్తాయి. నీళ్లలో ఉంచితే కుళ్లుతాయి. అవి పోతే ఊరు ఊరంతా వలసే.

దాలమ్మ నురగ ముద్ద దగ్గరికెళ్లి వేలితో తాకింది. పైన ఎండి గట్టిగా ఉంది. పుల్లతో అంచు ఎత్తి చూసింది. లోపల తడి. ఆ తడిలో పిల్లలు తోకలాడిస్తున్నాయి. తిన్నగా పెద్దరైతు అరుగు దగ్గరికి నడిచింది.

“బాబూ, ఆ గింజలు నాకియ్యండి. వానొచ్చేదాకా దాస్తాను.”

“ఎక్కడే దాస్తావు? నీ కొంగులోనా?”

“కప్ప దాచినట్టు దాస్తాను.”

అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు. “ఒసే దాలీ, పిట్టల్ని తోలి తోలి నీకు పిట్ట బుర్రొచ్చిందే!” అన్నాడు పెద్దరైతు.

“పిట్ట బుర్రే బాబూ. మీ పెద్ద బుర్ర రెండుసార్లు మాడ్చింది గదా. మూడోసారి పిట్ట బుర్రని చూడనియ్యండి.”

నవ్వు ఆగిపోయింది. పెద్దరైతు భార్య లోపల్నుంచి వచ్చి, గంప ఎత్తి దాలమ్మ నెత్తిన పెట్టింది.

దాలమ్మ తడి గడ్డి పరిచింది. గింజలు పోసి మీద మళ్లీ గడ్డి కప్పింది. టేకాకులు చుట్టి, నారతో కట్టి, పైన బురద మెత్తింది. గుంట మీద, నీడపట్టున, నురగ ముద్ద పక్కనే వేలాడదీసింది.

మొదటి రోజు నాలుగు చినుకులు పడ్డాయి. “చల్లవే!” అని పెద్దరైతు పరుగెత్తుకొచ్చాడు.

“ఉయ్యాల కరగలేదు బాబూ,” అంది దాలమ్మ. మధ్యాహ్నానికి నేల ఎండిపోయింది.

రెండో రోజు ఇంకాస్త జల్లు. “చల్లవే!”

“ఉయ్యాల కరగలేదు బాబూ.” సాయంత్రానికి నేల ఎండిపోయింది.

మూడో రోజు కొండ మీద నుంచి వాన దిగింది. నురగ మెత్తబడింది, కరిగింది. కప్పపిల్లలు టపటపా గుంటలోకి రాలాయి.

“ఇప్పుడు!” అంది దాలమ్మ.

మూట విప్పారు. లోపల తెల్లటి మొలకలు, ఒక్కటీ చావలేదు. ఆ ఏడు ఊరు ఎక్కడికీ పోలేదు. దాలమ్మ గాదెలోకి కొత్త వడ్లు అడక్కుండానే వచ్చాయి.

చాలా ఏళ్లు బతికి, ఒక ఎండాకాలం కానుగ నీడలోనే కన్ను మూసింది దాలమ్మ. తొలకరి వచ్చాక, ఏటా ఆమె కట్టే గింజల మూట ఇక ఎవరు కడతారని ఊరు చూస్తుంటే, ముసలి పెద్దరైతే గింజల గంప నెత్తిన పెట్టుకుని గుంట దగ్గరికి వచ్చాడు. వచ్చాడు. అంతవరకూ ఒప్పుకోవాలి.

ఇప్పటికీ ఆ ఊళ్లో గుంట మీది నురగని ఎవరూ ముట్టరు. మొదటి విత్తనం ఆ కొమ్మకి కట్టాకే చల్లుతారు. దాని పేరు దాలమ్మ మూట. పైకి కసిరి, లోపల ప్రేమ దాచుకునే ముసలాళ్లని చూసి, “దాలమ్మ మూటరా, పైన ఎండు, లోన తడి,” అంటారు.

పెద్దరైతు పేరేమిటని అక్కడ అడిగి చూడండి. ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లు కూడా చెప్పరు.