చెవి దగ్గరి చోటు

అప్పలయోగి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటం ఒక్కోసారి ఆ పూటకే తేలిపోయేది. ఒక్కోసారి మామిడి పూత రోజుల్లో అడిగినవాడికి పళ్ళ కాలం వెళ్ళిపోయాక తేలేది. తాండవ నది ఒడ్డున, రేకుల కప్పు కింద ఉన్న ఆయన మఠానికి కొత్తగా వచ్చినవాళ్ళు పెద్దాయనకి మతిమరుపు కాబోలు అనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం ప్రశ్న అడిగిన క్షణం నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేవారు.

ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసీ ఏమరుపాటున దొరికిపోయినవాడు ఆడారి నూకరాజు. ఆ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ ఇంటర్నెట్ ఇచ్చేది అతనే. మొదట్లో ఇంటింటికీ టీవీ కేబుల్ లాగాడు, తర్వాత అవే స్తంభాల మీద నెట్ తెచ్చాడు. తుఫానుకి స్తంభాలు కూలిపోతే కూలీల కోసం చూడకుండా మోకాటి లోతు నీళ్ళలో దిగి తన చేత్తో తనే వైర్లు అతికించుకున్న మనిషి. నూకరాజు చెడ్డవాడని ఊళ్ళో అన్నవాళ్ళు లేరు. నూకరాజు కూడా ఎప్పుడూ అనుకోలేదు.

మఠంలో అతనికి ఇంకో పెద్ద పదవి ఉండేది. కిందటి ఏడాది గురువుగారికి చెవులు వినబడటం మానేశాయి. లోకం గోల అక్కర్లేక ఆయన లోపలి నాదం వైపు తిరిగిపోయారని కొందరు భక్తులు అన్నారు. అది యోగంలో ఒక మెట్టు అని మరికొందరు అన్నారు. ఆయన దేన్నీ కాదనలేదు, వినబడితే కదా. గురువారం సాయంత్రం సభలో ఒక్కొక్కరే ఆయన కూర్చునే అరుగు మెట్టు దగ్గరికి వచ్చి తమ గోడు చెప్పుకుంటే, పక్కనే కూర్చున్న నూకరాజు అరచెయ్యి దొప్పలా పట్టి, ఆ మాటని గురువుగారి చెవిలోకి మాత్రమే వెళ్ళేలా అందించేవాడు. జవాబు ఆయన తన నోటితోనే చెప్పేవారు. చెవి దగ్గరి ఆ చోటు కోసం ఆశపడ్డవాళ్ళు చాలామంది ఉన్నా, అంత ఓపికగా, అంత శుభ్రంగా మాట అందించగలిగినవాడు నూకరాజే అని అందరూ ఒప్పుకున్నారు.

మార్గశిరంలో ఒక గురువారం మధ్యాహ్నం నూకరాజు తన సొంత ప్రశ్న పట్టుకొచ్చాడు. నెట్ ఇచ్చేవాళ్ళు తమ వైరు మీద పోయేవాటిలో ఒకదాన్ని ముందుకి తొయ్యకూడదు, ఒకదాన్ని వెనక్కి లాగకూడదు, అన్నిటినీ ఒకేలా మొయ్యాలి అని ప్రభుత్వం ఒక నియమం తేబోతోంది. దాని మీద మర్నాడే విశాఖపట్నంలో అందరి అభిప్రాయాలూ వింటారు. ఆ ప్రాంతపు ఆపరేటర్లందరి తరఫునా మాట్లాడవలసింది నూకరాజు. అతనికి అప్పటికే సినిమాలు చూపించే ఒక పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరి, అమలు కూడా అవుతోంది. సాయంత్రం జనమంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే వేళ ఆ కంపెనీ సినిమాలు ఎక్కడా ఆగకుండా ముందు పోతాయి, మిగిలినవన్నీ వాటి వెనక నడుస్తాయి. ఆ నియమం వస్తే ఈ ఒప్పందం చెల్లదు. గురువుగారు ఔనంటే గుండె ధైర్యంతో విశాఖ వెళ్ళవచ్చని అతని ఆశ.

"స్తంభం నాది, వైరు నాది, ఎండలో వానలో చాకిరీ నాది" అని చెవి దగ్గర వంగి చెప్పాడు. "ఏది ముందు పోవాలో చెప్పడానికి మధ్యలో గవర్నమెంటెవరండి? దొంగ మీద కాపలా పెట్టమనండి, ఒప్పుకుంటాను. మంచివాడి నెత్తి మీద కాపలా ఎందుకండి?" ఇవాళ ఏది ముందో చెప్పినవాళ్ళు రేపు ఏది అసలు పోకూడదో కూడా చెబుతారని, అప్పుడు వాళ్ళని ఎవరు ఆపుతారని కూడా అడిగాడు.

గురువుగారు అంతా విన్నారు. ఆ ఆఖరి మాట తీసిపారెయ్యదగ్గది కాదన్నారు. "ముందు సభ కానీ. చూద్దాం" అన్నారు.

సభ మామూలుగానే మొదలైంది. ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని ఆగమనాలో నూకరాజుకి ఎవరూ నేర్పలేదు, అలవాటు మీద వచ్చేసింది. మఠానికి రేకులు వేయించిన మిల్లు యజమాని ముందు. పని మీద వచ్చిన పెద్ద ఉద్యోగి ఆ తర్వాత. ఏడుస్తూ చెప్పేవాళ్ళ మాట పొడుగవుతుంది కాబట్టి, దాన్ని తను ఒక్క ముక్కలో కుదించేవాడు. ఎవరైనా గురువుగారి మీద నిష్ఠూరంగా మాట్లాడితే ఆ నిష్ఠూరాన్ని వడగట్టి, మిగిలినది అందించేవాడు. ఇందులో మోసం చేస్తున్నానని అతనికి కలలో కూడా తోచలేదు. పెద్దవయసు మనిషిని అలిసిపోనివ్వకుండా చూసుకుంటున్నాననే నమ్మకంతో హాయిగా ఉన్నాడు.

సభ మధ్యలో వెనక వంటింట్లో గంగాళం మీది ఇత్తడి మూత జారి గచ్చు మీద పడింది. జనమంతా ఉలిక్కిపడి అటు తిరిగారు. ఒక్క పిల్ల మాత్రం తిరగలేదు. స్తంభం పక్కన తల్లిని ఆనుకుని కూర్చుని, గురువుగారి ముఖంలోకే చూస్తూ ఉన్నట్టుండి నవ్వింది. గురువు ముందు ఈ ఇకిలింపేమిటని నూకరాజు మనసులో విసుక్కున్నాడు. ఆ పిల్ల పేరు వరహాలు. పుట్టు చెవిటిది, మాటలు రావు. పక్కనున్న తల్లి దేముడమ్మ సంతలో చేపలు అమ్ముకునే మనిషి.

దేముడమ్మ కొంతకాలంగా ప్రతి గురువారమూ వస్తోంది. ఆమె వంతు ఎప్పుడూ ఆఖరునే వస్తుంది. ఆ రోజు కూడా అంతా అయ్యాక మెట్టు దగ్గరికి వచ్చి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, నూకరాజుకి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. తన కూతురు విశాఖలో ఉన్న ఒక మేడమ్ దగ్గర ఫోన్‌లో కుట్టుపని నేర్చుకుంటోంది. ఆ మేడమ్ కూడా చెవిటి మనిషే, చేతులతోనే పాఠం చెబుతుంది. ఆమెకి తీరుబడి దొరికేది సాయంత్రమే. ఆ సాయంత్రమే ఫోన్‌లో మేడమ్ చేతులు గాలిలో బిగుసుకుపోతున్నాయి. పక్కింట్లో సినిమాలు మాత్రం ఏ అడ్డూ లేకుండా ఆడుతున్నాయి.

"ఆఫీసుకెళ్తే వైరు బాగానే ఉందంటారు బాబూ" అంది దేముడమ్మ. "మీకైతే బొమ్మ ఆగినా మాట ఇనబడద్ది. మా గుంటకి బొమ్మే మాట. మీరు గురువుగారి మనిషి కదా, ఆయనొక్క మాట సెప్తే మీరు ఇంటారని వచ్చాను. ఆయనకి సెప్పు బాబూ."

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నూకరాజుకి కాస్త ఇబ్బందిగానే అనిపించింది. తర్వాత తనకి తనే సర్ది చెప్పుకున్నాడు. గురువుగారితో మాట్లాడవలసింది జననమరణాల గురించి గానీ నెట్ కంప్లయింట్ల గురించా? అందుకని ఎప్పటిలాగే చెయ్యి దొప్పలా పట్టి, "కూతురికి మంచి జరగాలని దీవించమంటోందండి" అని అందించాడు. ఎప్పుడూ అయితే గురువుగారు తలాడించి, పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసి ఇచ్చేవారు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, ఏదో అడగబోయి, అడక్కుండా వెళ్ళిపోయేది.

ఆ రోజు గురువుగారు పండు తియ్యలేదు. "సరిగ్గా చెప్పు నూకరాజూ. ఆవిడ ఏమంది?" అని అడిగారు.

నూకరాజు మరింత వంగి, మరింత మెత్తగా అదే మాట చెప్పాడు. ఈసారి ఆమెకి తమ మీద అపారమైన భక్తి అని కూడా కలిపాడు.

గురువుగారు అతని చెయ్యి తన చెవి దగ్గర్నుంచి నెమ్మదిగా తొలగించి, దేముడమ్మ వైపు తిరిగారు. "మీకైతే బొమ్మ ఆగినా మాట ఇనబడద్ది, మా గుంటకి బొమ్మే మాట అన్నావు. అంతేనా అమ్మా?" అన్నారు.

ఆమె యాసతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఆ మాట గురువుగారి నోట వినడం నూకరాజుకి ఎంత భయం కలిగించిందంటే, ఇది మహిమేమో అని ఒక క్షణం ఆశపడ్డాడు. మహిమ అయితే తన తప్పు కాస్త చిన్నదవుతుందేమో మరి. ఆ ఆశ కూడా గురువుగారు మిగల్చలేదు. మొన్న మంగళవారం దర్శనానికి వచ్చిన ఒక చెవుల డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, నూనె పోసి, వేరుశనగ గింజంత గులిమి బయటికి తీశాడట. "లోపలి నాదం కాదు నాయనా, గులిమి" అన్నారు సభకేసి చూసి. ఎవరికీ నవ్వు రాలేదు. ఇందాక మూత పడినప్పుడు ఆయన రెప్పలు అదరడం ఇంతమందిలో ఆ చెవులు వినబడని పిల్ల ఒక్కతే చూసిందని నూకరాజుకి అప్పుడు అర్థమైంది.

అతన్ని నిజంగా కుప్పకూల్చింది మాత్రం అది కాదు. దేముడమ్మ గురువుగారినీ నూకరాజునీ మార్చి మార్చి చూసింది. కోపం రాలేదు ఆమెకి, విన్నది నమ్మబుద్ధి కాలేదు. "అయితే ఇన్నాళ్ళూ మీకు ఇనబడనేదా?" అంది గురువుగారితో. "ఇన్నారనుకున్నాను. ఇని కూడా పండే ఇచ్చారంటే సర్దుకుపొమ్మని మీ మాట అనుకున్నాను. మీ మాట దాటకూడదని పోయిన వారం గుంట చేత ఆ క్లాసు మానిపించీసినాను. మనసొప్పకే ఇయ్యాల మళ్ళీ అడిగినాను. మానెయ్యమని నా సేతుల్తో నేనే సెప్పినాను."

చెప్పినట్టే ఆమె చేతులు గాలిలో ఒకసారి కదిలి ఆగిపోయాయి. అది చూసిన వరహాలు తల దించుకుంది. తల్లి ఆ మాట మళ్ళీ చెబుతోందనుకుంది కాబోలు.

నూకరాజు తన చోటులోంచి లేచి మెట్టు కిందకి వచ్చేశాడు. తను ఆపినది ఒక కంప్లయింట్ అనుకున్నాడు. గురువు అనని మాట గురువు మాటగా ఒక ఇంటికి వెళ్ళి, అక్కడ ఒక పిల్ల చదువుని ఆపేసిందని అతనికి ఇప్పుడే తెలిసింది. సిగ్గు, దానికి మించి దిగ్భ్రమ. ఇంత పని తన చేతుల మీదుగా జరుగుతుంటే తనకి రోజూ నిద్ర ఎలా పట్టిందో అతనికి అంతుపట్టలేదు. చేతులు జోడించాడు. తప్పయిపోయిందని, ఇంకెప్పుడూ మాట మార్చనని, ఈ చోటు తననుంచి తియ్యవద్దని, రేపు విశాఖలో ఏం చెప్పాలో సెలవివ్వమని, సగం మింగుతూ సగం పలుకుతూ అడిగాడు.

గురువుగారు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. "సరిగ్గా అందలేదు. దేముడమ్మా, నువ్వు దగ్గరలో ఉన్నావు కదా, విన్నావా? ఇలా వచ్చి కూర్చో. ఏమంటున్నాడో నా చెవిలో చెప్పు."

దేముడమ్మ సంకోచిస్తూ మెట్టెక్కి, ఇందాకటి దాకా నూకరాజు కూర్చున్న పీట మీద కూర్చుంది. చేపల వాసన ఇంకా వదలని అరచెయ్యిని, అతను పట్టినట్టే దొప్పలా పట్టి, గురువుగారి చెవి దగ్గర వంగింది. ఆ చేతి వెనక ఆమె పెదవులు కదలడం నూకరాజుకి కనిపించింది. మాట మాత్రం అందలేదు. తప్పయిందన్నది చెబుతోందా? మాట మార్చనన్నది చెబుతోందా? లేక రెండూ వదిలేసి, చోటు కావాలట అని ఒక్క ముక్కలో కుదిస్తోందా? ఆమె ఏం చెప్పినా కాదనే హక్కు తనకి లేదు. గురువుగారి ముఖం చూశాడు. అందులో ఏమీ తెలియలేదు. నది మీంచి చల్లగాలి వీస్తూనే ఉంది, అతని చొక్కా మాత్రం వీపుకి అంటుకుపోయింది.

దేముడమ్మ చెప్పడం ముగించి చెయ్యి తీసింది. గురువుగారు తలాడించి, నూకరాజు వైపు చూశారు.

"దేముడమ్మ మంచి మనిషే కదా నూకరాజూ, నెత్తి మీద కాపలా ఎందుకు?" అన్నారు. "మరి నీకెందుకలా చెమటలు పడుతున్నాయి?"