తాతగారి కంచె

వెనకటికి నల్లమేడ అనే చిన్న రాజ్యాన్ని రణధీరరాయలు ఏలుతుండేవాడు. తన వంశమంటే ఆయనకు మహా గర్వం. కోట పక్కనున్న దానిమ్మ తోట చుట్టూ ఒక కొయ్య కంచె ఉండేది. ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లేవాడు.

"మా తాతగారు పాతించిన కంచె ఇది. అరవై ఏళ్లయింది. మా వంశం పేరు చెబితే చెదపురుగు కూడా దూరంగా పోతుంది" అనేవాడు.

ఆ కంచె బాగోగులు చూసేది వడ్రంగి కాళమ్మ. ఆమెకు ముందు వాళ్ల అయ్య చూశాడు. ఆ పనికిగాను వాళ్లకో గుడిసె, ఓ తుమ్మతోపు ఇచ్చారు. ఏటా వానలకు ముందు కాళమ్మ ప్రతి గుంజ మొదట్లో మట్టి తీసి, గోటితో నొక్కి చూసేది. మెత్తబడిన దాన్ని పీకేసేది. తోపులోంచి కొత్త గుంజ తెచ్చి, మొదలు నిప్పుల్లో కాల్చి, చెద పట్టకుండా జీడినూనె పట్టించి పాతేది.

ఒకసారి పొరుగు రాజు చుట్టపుచూపుగా వస్తున్నాడని కబురొచ్చింది. రాయలు కాళమ్మను సభకు పిలిపించాడు.

"ఈ కంచె మా వంశ మహిమ వల్లే నిలిచిందనీ, ఇన్నేళ్లలో దీని మీద మనిషి చెయ్యి పడలేదనీ ఒక పలక మీద చెక్కి తోట వాకిట్లో పెట్టు" అన్నాడు.

కాళమ్మ తల వంచలేదు. "నా ఉలితో అబద్ధం చెక్కను ప్రభూ" అంది.

రాయల ముఖం ఎర్రబడింది.

"మనిషి చెయ్యి అక్కర్లేని కంచెకు నువ్వెందుకు? రేపు గుడిసె ఖాళీ చెయ్యి."

ఆ గుడిసెలోనే పుట్టింది కాళమ్మ. అయినా బతిమాలలేదు.

"చేస్తాను ప్రభూ. మా అయ్యా నేనూ పాతిన గుంజలు మాత్రం నా వెంట తీసుకెళతాను. తాతగారివి తమకే వదిలేస్తాను."

రాయలు పకపకా నవ్వాడు. "తీసుకుపో. నాలుగో అయిదో ఉంటాయి, పొయ్యిలోకి పనికొస్తాయి. ఇదే నా మాట."

"ఏది ఎవరిదో తెలిసేదెలా?" అని అడిగాడు మంత్రి సోమయార్యుడు.

"పాతిన ఏడాది పేరు మొదట్లో చెక్కుతాం అయ్యా. పేరుంటే మాది, లేకుంటే తాతగారిది. తమరే దగ్గరుండి చదవండి."

మర్నాడు పొద్దున్నే కాళమ్మ తన అన్నదమ్ములతో, రెండు బళ్లతో వచ్చింది. వాళ్లు పీకుతుంటే మంత్రి వంగి చదివాడు. "విభవ... శుక్ల... ఇదీ శుక్లే..." చదివేకొద్దీ ఆయన గొంతు సన్నబడింది. బళ్లు నిండాయి, ఖాళీ అయి మళ్లీ నిండాయి.

మధ్యాహ్నానికి రాయలు వచ్చి చూసేసరికి తోట చుట్టూ ఏమీ లేదు. ఒక మూల ఒకే ఒక్క గుంజ ఒంటరిగా నిలబడి ఉంది. ఊరి గేదెలు దానిమ్మ మొక్కల మధ్య తీరుబడిగా మేస్తున్నాయి.

"తాతగారిది అదొక్కటే ప్రభూ. ఆయన గుర్తుగా ఉండనీ అని మేం దాన్ని మార్చలేదు" అంది కాళమ్మ.

"ఒక్కటైతేనేం, నిలబడింది కదా" అంటూ రాయలు దాని మీద చెయ్యి వేశాడు. అది పుటుక్కున విరిగి పడింది. లోపలంతా చెదమట్టి. ఆయన పట్టుచొక్కా మోచేతి దాకా మట్టికొట్టుకుపోయింది.

భటులు కాళమ్మ వైపు అడుగేశారు. ఆమె కదల్లేదు.

"కొయ్యకు వంశం తెలీదు ప్రభూ. నేలలో తడి తెలుసు, చెద తెలుసు. తాతగారి మిగతా గుంజలు పదేళ్లు నిలిచాయి. ఆ తర్వాత నిలిచింది మా చాకిరీ."

రాయలు తన చేతికేసి చూసుకున్నాడు. గేదెలకేసి చూశాడు. చివరికి ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి బంగారు కడియం తీసి ఆమెకు ఇచ్చాడు.

"గుడిసె, తోపు శాశ్వతంగా నీవే. పొరుగు రాజు వచ్చేలోగా కంచె తిరిగి పాతు కాళమ్మా."

"పాతుతాను. కానీ ఏటా నూనె పట్టించే రోజున ఏలినవారూ రావాలి."

సోమయార్యుడు ఉలిక్కిపడ్డాడు. రాయలు మాత్రం సరేనన్నాడు.

మరుసటేడు తొలకరికి ముందు ఆయన నిజంగానే వచ్చాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, గుడ్డ నూనెలో ముంచి, చెమటలు కక్కుతూ ఒక గుంజకు పట్టించాడు. పూర్తయిందని లేవబోతుంటే కాళమ్మ వంగి చూసింది.

"వెనకవైపు తడవలేదు ప్రభూ. మళ్లీ కూర్చోండి" అంది.