ఉత్తరేణి చెయ్యి

ఒకప్పుడు ఉత్తరేణి గింజలకు ముళ్ళుండేవి కావు. నున్నగా ఉండి, ముట్టుకుంటే జారిపోయేవి. ఇప్పుడు మీ లాగులకీ పరికిణీలకీ అతుక్కుని ప్రాణం తీస్తుందే, ఆ ఉత్తరేణే! అప్పట్లో దాని గింజలన్నీ ఆకాశం కేసి చూస్తూ ఉండేవి. అది ఎవరి జోలికీ వెళ్ళేది కాదు.

పచ్చటి కొండల్లో ఒక కాలిదారి పక్కన ఆ మొక్క ఉండేది. ఆ దారి కింది ఊళ్ళ నుంచి బయల్దేరి, వాగు దాటి, అడ్డాకు తుప్పల మధ్య నుంచి పైన గూడేనికి వెళ్ళేది. దారిన పోయేవాళ్ళను చూస్తూ ఉండడమే ఉత్తరేణికి పని. వాళ్ళందరిలోనూ దానికి పోలమ్మంటే ప్రాణం.

పోలమ్మ గూడెం పిల్ల. రోజూ ఆ దారినే దిగేది, ఆ దారినే ఎక్కేది. ఊరికే నడిస్తే పోలమ్మ ఎందుకవుతుంది? రాయికొక మాట, చెట్టుకొక మాట. ఉత్తరేణి దగ్గరికి రాగానే వేళ్ళతో నిమిరి, "ఏటే, బాగున్నావేటే?" అనేది. ఆ ఒక్క మాటకి ఉత్తరేణి సాయంత్రం దాకా ఊగేది.

ఆ రోజుల్లో చెట్టూ చేమా కూడా మాట్లాడేవి. "బాగున్నానమ్మా!" అని అదీ బదులు చెప్పేది.

పోలమ్మకి పెళ్ళయింది. దూరంగా కింది ఊరికి కాపురానికి వెళ్ళిపోతూ, "మళ్ళీ ఒస్తానే. ఈ దారి నడవకుండా నానుండగల్నా?" అంది.

ఏళ్ళు గడిచాయి. ఉత్తరేణికి ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి.

ఒక వానాకాలంలో పైన కొండచరియ విరిగిపడింది. ఉత్తరేణిని దాటి కొంచెం ముందుకు వెళ్తే, దారి ఉండాల్సిన చోట పెద్ద గండి పడింది. కొన్నాళ్ళకి ఆ గండి మీద తీగలు అల్లుకున్నాయి. పైనుంచి చూస్తే పచ్చగా నేలలాగే ఉండేది. అడుగు వేస్తే లోయే.

గూడెంవాళ్ళు చుట్టూ తిరిగి మరో దారి వేసుకున్నారు. ఉత్తరేణికి కాస్త కింద, రెండు దారులూ విడిపోయే చోట, పాత దారికి అడ్డంగా ఒక ఆకుల కొమ్మ విరిచి పడేశారు. ఆ కొండల్లో అదే ఆచారం. ముందు వెళ్ళినవాళ్ళు కొమ్మ అడ్డం వేశారంటే వెనక వచ్చేవాళ్ళు ఆ దారిన పోరు. కొమ్మ ఎండిపోతే, చూసినవాళ్ళు ఇంకో పచ్చి కొమ్మ వేస్తారు. కొమ్మ లేదంటే దారి మంచిదేనని నమ్ముతారు.

ఇక ఆ దారిన ఎవరూ రాలేదు. పలకరించే నోరు లేక ఉత్తరేణి బెంగ పడిపోయింది.

ఒక పొద్దున వాగు దగ్గర నుంచి పాట వినిపించింది. ఉత్తరేణి ఉలిక్కిపడింది. ఆ గొంతు పోలమ్మది!

"గాలీ, గాలీ! పోలమ్మ వచ్చేసింది. ఆ కొమ్మను పక్కకి తోసెయ్యవూ?" అంది గాలితో.

"మతి పోయిందా నీకు? ముందు గండి ఉంది. కొమ్మ ఊరికే వేశారా?" అని గాలి కసిరింది.

"నాకు తెలీదా? నా దాకా వస్తే చాలు. నేనే సంగతి చెప్పి వెనక్కి పంపేస్తాను. కొమ్మ ఉంటే కొత్త దారినే వెళ్ళిపోతుంది. ఒక్కసారి చూసుకోనీ గాలీ, నీకు పుణ్యముంటుంది."

గాలిది అసలే మెత్తటి మనసు. కాదనలేకపోయింది. ఒక్క విసురు విసిరింది. కొమ్మ దొర్లి తుప్పల్లో పడింది.

పోలమ్మ వాగు దాటి వచ్చింది. దారి విడిపోయే చోట ఆగి, అటూ ఇటూ చూసింది. కొమ్మ లేదు. తన పాత దారిలోకే మళ్ళింది.

"ఓలమ్మ! ఎంత గడ్డి మొలిసీసిందో! ఎవలూ నడవట్లేదేటి? నానొచ్చీసినాను కదా, ఇంక బెంగెట్టుకోకు" అని దారితో మాట్లాడుతూ వచ్చింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఉత్తరేణి ముందు ఆగి వంగి నిమిరింది. "ఏటే, బాగున్నావేటే?"

ఇన్నేళ్ళ మీద విన్న మాట! ఆ సంతోషంలో ఉత్తరేణికి నోట మాట రాలేదు. ఒళ్ళంతా ఊగింది, అంతే. పోలమ్మ నవ్వి, పాట అందుకుని ముందుకు కదిలింది.

అప్పటికి తేరుకుంది ఉత్తరేణి. "పోలమ్మా! ఆగు! వెళ్ళకు!"

పోలమ్మ గొంతెత్తి పాడుకుంటోంది. వినిపించలేదు. ఉత్తరేణి ఒళ్ళంతా సాచి చీర చెంగు అందుకుంది. నున్నటి గింజలు చెంగు మీద నుంచి జారిపోయాయి.

కళ్ళు మూసుకుని నడవగల దారి అది. పోలమ్మ కాళ్ళ కేసి చూడనే లేదు, తన కొండల్ని చూసుకుంటూ నడిచింది. తీగలు ఒక్కసారి కుంగాయి. పాట మధ్యలో ఆగిపోయింది.

ఎంతసేపు విన్నా మళ్ళీ పాట రాలేదు. గాలి ఏడుస్తూ లోయలోకి దిగిపోయింది.

ఉత్తరేణి కొండ కాళ్ళ మీద పడింది. "పోలమ్మని తిరిగి ఇచ్చెయ్యి!"

"పోయినవాళ్ళని తేవడం నా వల్ల కాదే" అంది కొండ.

"అయితే నాకు పట్టుకునే చెయ్యివ్వు."

"ఇప్పుడెందుకు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!"

"నా వల్ల ఇంకొకరు పోకూడదు. ఇవ్వు."

"ఇస్తాను. కానీ నీ గొంతు తీసేసుకుంటాను. చెప్పాల్సిన వేళకి పలకని నోరు నీకెందుకు?" అంది కొండ.

"తీసుకో" అంది ఉత్తరేణి. అదే దాని ఆఖరి మాట.

అప్పటినుంచే ఉత్తరేణి గింజలకు ముళ్ళు. అప్పటినుంచే అవి తలలు కిందికి వేలాడేసి నేలను చూస్తాయి. పక్క నుంచి ఎవరు వెళ్ళినా గబుక్కున బట్ట పట్టుకుంటాయి. ఇప్పుడు ఉత్తరేణి ప్రతి దారి పక్కనా మొలుస్తుంది. ముందు గండి ఉందో లేదో దానికి తెలియదు, తెలిసినా చెప్పలేదు. మనమేమో విసుక్కుంటూ ఒక్కొక్క గింజనే పీకి పారేసి, ముందుకే నడుస్తాం.