గుడ్డ మీద ఇంకో పళ్ళెం

పక్కీరయ్యకు ఏమీ పాలుపోవడం లేదు.

గుట్టమీది దర్గాను ఆనుకుని చిన్న ఆఫీసు ఉంది. చుట్టుపక్కల పల్లెల ముసలీముతకా వస్తే, వేలిముద్ర వేయించి పెద్దాసుపత్రికి ఆన్‌లైన్లో పేరు నమోదు చేస్తారు. మొన్నటి పిడుగుకు ఆ ఆఫీసుకు నెట్ పంచే పెట్టెలు మాడిపోయాయి. కొత్తవి ఏవి కొనాలో చూడమని దర్గా పెద్ద జమాల్ తాత పక్కీరయ్యకు అప్పజెప్పాడు. దర్గాలో శిష్యులకు కొదవ లేదు గానీ, ఇంజనీరింగ్ చదివినవాడు అతనొక్కడే.

ఆ చదువే కొంప ముంచింది. ఏ రౌటర్ కొనాలి? వైర్లు గుచ్చే స్విచ్‌కు ఎన్ని రంధ్రాలుండాలి? గోడకు తగిలించే వైఫై డబ్బా కావాలా, అక్కర్లేదా? ఒక షాపువాడు రేపు ఆఫీసు పెరిగితే ఏం చేస్తావని భయపెట్టాడు. ఇంకో షాపువాడు ఈమాత్రానికి ఇంత ఆలోచనా అని నవ్వాడు. టౌనుకు పోయినప్పుడల్లా ఫోన్లో రివ్యూలు చదివాడు. చదివేకొద్దీ బుర్ర వేడెక్కిందే తప్ప ఒక్కటీ తేలలేదు.

ఈలోగా వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిరిగిపోతున్నారు. ఓబులమ్మ అనే అవ్వ కంటి ఆపరేషన్‌కు పేరు రాయించుకుందామని బస్సెక్కి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఆమెకు కుడికన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమకన్ను కూడా మసకబారుతోంది. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు చెప్పాడట.

ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం పక్కీరయ్య షాపుల కాగితాలన్నీ తాత ముందు పరిచాడు.

"తాతా, పెద్దది కొంటే దండగేమో. చిన్నది కొంటే చాలదేమో. ఏది కొనమంటావు?"

తాత ఓపిగ్గా అంతా విన్నాడు. మేనేజ్డ్ స్విచ్ అంటే ఏమిటో కూడా విన్నాడు. విని, "అన్నాల వేళయింది, గుడ్డ పరువప్పా," అన్నాడు.

దర్గాలో అందరూ ఒకే గుడ్డ చుట్టూ కూర్చుని తింటారు. ఆ గుడ్డ పరిచే పని మొదటినుంచీ పక్కీరయ్యదే. గడప దగ్గర చెప్పుల జతలు లెక్క చూసుకుని మనిషికొక పళ్ళెం పెడతాడు. చెప్పకుండా వచ్చేవాడి కోసం పైన ఇంకొకటి పెడతాడు. బిస్మిల్లా అని తినడం మొదలుపెట్టాక కొత్త పళ్ళెం పెట్టే ఆనవాయితీ అక్కడ లేదు, అందుకని.

"ఈపొద్దు ఉరుసు పండగనాటి పళ్ళేలు కూడా అన్నీ దించు," అన్నాడు తాత.

పక్కీరయ్య తెల్లబోయాడు. అయినా దించాడు, తుడిచాడు, వసారా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పేర్చాడు. తాత తిండికి వచ్చిన కొద్దిమందినీ మూలకొకరిగా కూర్చోబెట్టాడు. ఒకాయన ఉప్పుకోసం కేకేశాడు. ఇంకొకాయనకు పప్పు చేరేసరికి అన్నం చల్లారిపోయింది. బకెట్టు మోసి మోసి పక్కీరయ్యకు నడుము పడిపోయింది.

"ఇంకా ఎవరొస్తారు తాతా?"

"ఏమోనప్పా. ఎప్పటికైనా వస్తారు గదా."

పక్కీరయ్యకు లోపల దీపం వెలిగినట్టయింది. అంటే ఉన్నవాళ్ళకు మించి వద్దన్నమాట. అప్పటికప్పుడు పెద్ద స్విచ్ కాగితం చించేశాడు. ఆఫీసులో ఇప్పుడున్న వైర్లకు సరిగ్గా సరిపోయే పెట్టె ఖాయం చేసుకున్నాడు. ఆ రాత్రి చాలారోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు గుడ్డ కూడా అదే లెక్కన పరిచాడు. మనిషికొక పళ్ళెం, అంతే. ఊరికే ఖాళీ పళ్ళెం ఎందుకనుకున్నాడు. తాత చూశాడు. బిస్మిల్లా అన్నారు.

అప్పుడే ఓబులమ్మ వచ్చింది. మెట్టుకోసం కాలితో తడుముకుంటూ, గోడ పట్టుకుని వసారాలోకి ఎక్కింది.

తాత లేచి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆమెను తన చోట కూర్చోబెట్టాడు. ముట్టని తన పళ్ళెం ఆమె ముందుకు జరిపాడు. గోడవారగా పోయి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు.

పక్కీరయ్య చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నా పేరు రాసినారా నాయనా?" అంది ఓబులమ్మ, అతని గొంతు వినబడిన వైపు తిరిగి.

"ఇంకా లేదవ్వా. ఏ పెట్టె కొనాలో మళ్ళీ మొదటికొచ్చింది."

"పర్వాలేదులే. నిదానంగా మంచిదే చూసి కొను."

ఆ మాటకు అతని ప్రాణం చివుక్కుమంది. తిట్టినా బాగుండేదనిపించింది.

గుడ్డ ఎత్తాక తాత దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఉన్న తెలివి కూడా పోయినట్టుంది అతనికి.

"నిన్న ఎక్కువయింది. ఈపొద్దు తక్కువయింది. మరి ఎంత తాతా?"

"ఇన్నేండ్లు గుడ్డ పరిచింది ఎవరప్పా?"

"నేనే."

"ఎవరినడిగి పరిచినావు?"

పక్కీరయ్య వసారా దిగి ఆఫీసు గడప దగ్గరికి నడిచాడు. అక్కడ విడిచిన చెప్పులు చూసుకుని, లోపలికి పోయి వైర్లు లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా టౌను బస్సు కోసం గుట్ట దిగిపోయాడు. షాపుల కాగితాలు వసారాలోనే ఉండిపోయాయి. తాత వాటిని మడిచి పప్పుగిన్నె కింద పెట్టాడు.

పొద్దు వాలకముందే పక్కీరయ్య ఒక మామూలు రౌటరు, ఒక చిన్న స్విచ్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఆఫీసులో పనిచేసే రమీజా ఒక్కొక్క వైరూ అందిస్తుంటే ఒక్కొక్కటే బిగించాడు. పచ్చదీపాలు వెలిగాయి. స్విచ్ చివర ఒక్క రంధ్రం ఖాళీగా మిగిలింది.

"దీంట్లో ఏం పెట్టాలన్నా?" అంది రమీజా.

"దాన్ని అట్లే ఉండనీమ్మా," అన్నాడు పక్కీరయ్య. బయట అరుగు మీద కూర్చున్న ఓబులమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.